నానీ ఆమీన్ అన్న పాట

గల్ఫ్‌లో మేముండే అల్ అజీజియా పేటలో మా ఎదురు ఫ్లాటు వాళ్లది నిజామాబాద్. ఇంట్లో దక్కనీ ఉర్దూ, మాతో తెలుగు. వాళ్లమ్మాయీ నేనూ ఒకే బడిలో పదకొండో తరగతి. ఆ ఏడు వార్షికోత్సవానికి మా సంగీతం టీచరు ముగ్గురు ఆడపిల్లలు పాడే పాట ఒకటి ఎంచారు. రాక్ అండ్ రోల్ కొత్తగా వచ్చిన రోజుల్లో, అమెరికాలో మా వయసు పిల్లలు జట్టుగా నిలబడి పాడిన తరహా పాట. ముందు ఒకరు పాడుతుంటే వెనక ఇద్దరు "దూ వా, దూ వా" అంటూ ఉంటారు. ముందు పాడేది నా స్నేహితురాలు. ఆమె గొంతు విన్నాకే టీచరు ఆ పాట ఎంచారని డైరీలో రాసుకున్నాను. నేనూ, మా తరగతి మలయాళీ అమ్మాయీ వెనక. అక్కడ నాకు హాయిగా ఉండేది.

చిక్కల్లా వాళ్లింట్లో. ఆడపిల్ల స్టేజీ ఎక్కడానికి వాళ్లమ్మ ఔననలేదు, కాదనలేదు. విజిట్ వీసా మీద వచ్చిన నానీ, అంటే వాళ్లమ్మమ్మ, ఒప్పుకుంటే చాలంది. మేం గదిలో సాధన చేస్తుంటే నానీ హాల్లో తస్బీ, అంటే జపమాల, తిప్పుతూ కూర్చునేది. మూడు రోజులు ఏమీ అనలేదు. ఇక ఒప్పుకున్నట్టే అనుకుంది నా స్నేహితురాలు.

నాలుగో రోజు మంచినీళ్లకని హాల్లోకి వెళ్తే నానీ నన్ను పక్కన కూర్చోమంది.

"ఎవలి కోసం బిడ్డా గంత దువా? ఎవలికన్న పానం మంచిగ లేదా?"

దువా అంటే ప్రార్థన. మా "దూ వా" ఆమెకు అలా వినబడింది. గుమ్మంలోంచి నా స్నేహితురాలు చెప్పొద్దని కళ్లతోనే సైగ చేసింది. కానీ నానీ ముఖంలో నిజమైన దిగులు కనిపించింది.

"అది దువా కాదు నానీ. పాట వెనకాల మేం అనే మాట. దానికి అర్థమేం లేదు."

తస్బీ ఆగింది. "అర్థం లేనిదానికా, మూడు దినాల సంది నేను ఆమీన్ అంటున్న?"

తలమీది కొంగు జారేదాకా నవ్వింది. నవ్వు ఆగాక, ముందు నిలబడేది ఎవరని మనవరాలిని అడిగింది. తనేనని చెప్పింది ఆమె. నానీ కొంగు మళ్లీ తలమీదికి లాక్కుంది.

"ముంగట వద్దు. ఎనక నిలవడి పాడు."

నన్ను సాగనంపుతూ నా స్నేహితురాలు అంది, "ఏడాదికోపారి నోరు తెరుస్తవ్, గది గియ్యాల్నేనా?" తర్వాత వారం రోజులు మాట్లాడలేదు. మలయాళీ అమ్మాయి ముందుకు మారింది. సాధనలో మేమిద్దరం ఒకే మైకు దగ్గర, చెరో పక్కకు చూస్తూ పాడేవాళ్లం. ఆమె గొంతు ముందున్న గొంతును మింగేస్తోందని, తగ్గించమని టీచరు రోజూ చెప్పేవారు.

స్టేజీ మీద తెర తీసే ముందు ఆమె నా వైపు తిరిగింది.

"తగ్గిచ్చి పాడుడు నాకు రాదు. నువ్వన్న జర గట్టిగ పాడు, నాది కలిసిపోతది."

నాకు చేతనైనంత గట్టిగా పాడాను.