ఖాళీ మేకు

ఎనభైల్లో నాన్న పోయాక, ఆయన బదులు నాకు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం ఇచ్చారు. టూల్ రూమ్ కిటికీ దగ్గర కూర్చుని పనిముట్లు ఇవ్వాలి, మళ్లీ తీసుకోవాలి. పనివాడు తన నంబరున్న ఇత్తడి టోకెన్ ఇస్తేనే పనిముట్టు ఇచ్చి, అది వేలాడిన మేకుకు టోకెన్ తగిలించాలి. మేకు ఖాళీగా కనపడితే తప్పు నాదే. ఆరు నెలలు తప్పు లేకుండా గడిస్తే ఉద్యోగం ఖాయం. అమ్మా, ఇద్దరు చెల్లెళ్లూ ఆ ఆరు నెలల మీదే ఆశ పెట్టుకుని ఉన్నారు.

కానీ కిటికీ అవతల నిలబడేవాళ్లలో సగంమంది మా రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో నన్ను ఎత్తుకు తిప్పిన మావయ్యలు. ఏ మొహం పెట్టుకుని టోకెన్ అడగను?

ఐదో నెలలో పక్క క్వార్టర్ మావయ్య వచ్చి, "అమ్మీ, మైక్రోమీటరివ్వు, సిటికెలో తెచ్చెత్తాను" అన్నాడు. వెంట్రుకవాసి తేడాని కూడా పట్టే కొలత పనిముట్టది. టోకెన్ అడక్కుండా ఇచ్చేశాను. సాయంత్రమైనా తేలేదు. అడిగితే, "నాకెప్పుడిచ్చినావు?" అని మొహం తిప్పుకున్నాడు.

మేకులు చూడటానికి ఫోర్‌మన్ వచ్చాడు. బెంగాలీ, మహా కోపిష్టి. ఆయన అరిస్తే లేత్ మిషన్లు కూడా నెమ్మదిస్తాయని మేం వేళాకోళం చేసేవాళ్లం.

"టోకెన్ కహాఁ?"

"లేదు సార్."

"కిస్కో దియా?"

ఎవరికిచ్చానో చెప్పలేకపోయాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

ఆయన జేబులోంచి తన టోకెన్ తీసి ఖాళీ మేకుకు తగిలించాడు. "మైక్రోమీటర్ మేరే పాస్ హై. లిఖో" అని, తన పేరునే రాయించి వెళ్లిపోయాడు. పనిముట్లు అప్పగించడానికి వరుసలో ఉన్నవాళ్లంతా చూశారు, మావయ్య కూడా.

మర్నాడు మావయ్య అందరికంటే ముందొచ్చి, గుడ్డలో చుట్టిన మైక్రోమీటరు బల్ల మీద పెట్టాడు. కిందపడి వంగిపోయింది. "ఎనిమిది నెల్లే ఉంది నా సర్వీసు. బయమేసినాది తల్లీ. ముందా ఫోర్‌మన్ దాదాది తీసీ, నాదెట్టు" అంటూ టోకెన్ చాపాడు.

'పనిలో పాడైంది' అని ఫోర్‌మన్ ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. మరుసటి నెల నా ఉద్యోగం ఖాయమైంది. మావయ్య రిటైరయ్యేదాకా, నేను అడక్కముందే టోకెన్ నా చేతిలో పెట్టేవాడు. నేను ఆయన మొహంలోకి చూడకుండా తీసుకునేదాన్ని.