మెక్సికో వైపు గీసిన బాణం

నా చిన్నప్పుడు మా హైస్కూల్లో సోషలు చెప్పిన ఒక మేష్టారి గురించి మా ఊళ్ళో ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. మిరపకాయ మనది కాదని ఆయన పిల్లలకి నూరిపోశాడట, స్కూలు డే నాడు పెద్దలు నిలదీశారట, ఆయన నీళ్ళు నమిలి పక్కకి తప్పుకున్నాడట. మొన్న మా స్కూలు స్వర్ణోత్సవాల్లో కూడా ఒకాయన మైకు పట్టుకుని ఈ కథే చెప్పి అందర్నీ నవ్వించాడు. వేదిక మీద కూర్చున్న నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు నాకే ఎబ్బెట్టుగా అనిపించింది. ఆ కథ తప్పు. ఆ తప్పు నా దగ్గరే మొదలైంది. కాబట్టి జరిగింది జరిగినట్టు రాయాల్సినవాణ్ణి కూడా నేనే.

మాది గుంటూరుకి పడమటగా, నల్లరేగడి నేలల్లో ఉన్న ఊరు. పత్తి, మిరప, కొంత పొగాకు. సాగరు కాలవ నీళ్ళు అప్పటికి రాలేదు. మా తాతయ్య ఊరి కరణం. మిగతా పొలాలు కౌలుకిచ్చినా మిరప చేను మాత్రం దగ్గరుండి వేయించుకునేవాడు. హైస్కూలు నడిపే కమిటీకి ప్రెసిడెంటు కూడా ఆయనే. మేష్టర్లని పెట్టుకోవడం, ఏడాది చివర వాళ్ళని ఉంచాలా మాన్పించాలా అని తేల్చడం ఆ కమిటీ చేతిలోనే ఉండేది. మాఘమాసం వచ్చిందంటే ఊరి చుట్టూ కల్లాలన్నీ ఎర్రబడిపోయేవి. ఆ ఘాటుకి కొత్తగా వచ్చినవాళ్ళు దగ్గుతుంటే మేం పిల్లలం నిలబడి నవ్వేవాళ్ళం. మిరపకాయ ఒకప్పుడు ఇక్కడ లేదంటే, కృష్ణ ఒకప్పుడు ఇక్కడ పారలేదన్నంత వింతగా ఉండేది మాకు.

నేను ఎనిమిదో తరగతికి వచ్చిన ఏడు ఆ మేష్టారు కొత్తగా చేరారు. కొత్తపట్నం వైపు సముద్రపు ఒడ్డు మనిషి. కొత్తగా పెళ్ళయి, స్కూలు వెనకాల రెండు గదుల పెంకుటింట్లో కాపురం పెట్టారు. ఆయన పాఠ్యపుస్తకం చదివించేవారు కాదు. బెంచీకి ఒక ప్రాంతం చొప్పున పంచిపెట్టి, అక్కడి తొలికాలపు చరిత్రని మమ్మల్నే వెతకమన్నారు. ముందు బెంచీకి నైలు నది వచ్చింది. తర్వాతి బెంచీకి యూఫ్రటీసు, ఇంకో బెంచీకి చైనా. ఎవరికీ అక్కర్లేని మెక్సికో మా బెంచీ మీద పడింది.

రాజుల పేర్లూ యుద్ధాల సంగతులూ తనకి వద్దన్నారు. రాజులు పుట్టకముందు అక్కడ మనుషులు ఏం తిని బతికారో కనుక్కోమన్నారు. అందుకు బోర్డు మీద అయిదు ప్రశ్నలు రాశారు. ఆ చోటు భూమ్మీద ఎక్కడుంది. అక్కడి నేల, నీళ్ళు, ఎండ ఎలాంటివి. మనుషులు ఆ నేలని ఏం చేశారు, నేల మనుషుల్ని ఏం చేసింది. అక్కడికి ఏం వచ్చింది, అక్కణ్ణించి ఏం పోయింది. చుట్టుపక్కల చోట్లతో దాన్ని కలిపేది ఏమిటి. ఈ అయిదింటికీ జవాబు దొరికితే చరిత్ర దానంతటదే బయటికొస్తుందని ఆయన నమ్మకం.

గుంటూరు లైబ్రరీ నుంచి ఆయన తెచ్చిపెట్టిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాం. చదివేకొద్దీ ఆ మనుషులు నాకు నచ్చారు. వాళ్ళకి ఎద్దుల్లేవు, బళ్ళు లేవు. సూదిగా చెక్కిన కర్రతో నేల పొడిచి గింజలు వేసుకున్నారు. చెరువులోంచి బురద ఎత్తి పోసి, నీళ్ళ మధ్యే మళ్ళు కట్టుకున్నారు. సరుకంతా వీపు మీద మోసుకుని కొండలు దాటారు. మనలాగే పత్తి పండించి బట్ట నేసుకున్నారు. మొక్కజొన్న, చిక్కుళ్ళు, ఆ తర్వాత మిరపకాయలు.

మిరపకాయల దగ్గర నేను ఆగాను. మెక్సికోలో మిరపకాయలు ఎట్లా ఉంటాయి? నాకు తోచిన జవాబు ఒక్కటే. మన గుంటూరు నించి వెళ్ళుంటాయి. అట్టమీద ప్రపంచ పటం గీసి, మా ఊరి దగ్గర ఎర్రచుక్క పెట్టి, అక్కణ్ణించి సముద్రాల మీదుగా మెక్సికోకి పెద్ద బాణం గీశాను. నాలుగో ప్రశ్నకి అదే నా జవాబు.

మేష్టారు ఆ అట్టని చాలాసేపు చూశారు. తప్పనలేదు. ఈ బాణం ఇటు తిరిగుందని నీకెట్లా తెలుసు, అని మాత్రం అడిగారు. అందరికీ తెలిసిందేగా అన్నాను. ఆయన నవ్వి క్లాసు మొత్తం వైపు తిరిగారు.

"ఏడాదిలో మీ ఇంట్లో ఒక్క మిరపకాయ కూడా తగలకుండా వంట చేసే రోజు ఏదన్నా ఉందా? జ్వరం వచ్చి పథ్యం తినేది లెక్కలోకి రాదు."

"అట్లాంటి రోజొస్తే మా నాన్న ఇల్లొదిలి పోతాడండి," అన్నాడు వెనక బెంచీవాడు. క్లాసంతా గొల్లున నవ్వింది. మేష్టారూ నవ్వారు. తర్వాత నా దగ్గరికొచ్చి, ఆ సంగతి కనుక్కుని బాణం ఎటు తిప్పాలో నువ్వే తేల్చు, అన్నారు. పుస్తకంలో ముందు పేజీల్లో జవాబు ఉందని ఆయనకి తెలుసు. పేజీ తిప్పి చూపించడం ఆయనకి నిమిషం పని. నేను చెబితే నువ్వు రాసుకుంటావు, నాకది వద్దు, అన్నారు.

ఈ మాట ఇంట్లో చెప్పాను. అక్కణ్ణించి అరుగు మీదికి పాకింది. తాతయ్య స్నేహితుడైన మిరప వ్యాపారి ఒకాయన సాయంత్రాలు మా అరుగు మీదే గడిపేవాడు. ఆయనకి ఇది మంచి కాలక్షేపం అయింది.

"కరణంగారూ, ఇవాళ మిరపకాయ మనది కాదన్నవాడు రేపు చేను మనది కాదంటాడు. ముందు మీ పొలాల అడంగలు ఒకసారి చూసుకోండి. అయినా ఉప్పుచేపల వైపు నించి వచ్చినాయనకి మన పంట సంగతి ఏం తెలుస్తుందిలెండి."

అరుగు మీద అందరూ నవ్వారు. తాతయ్యకి నవ్వు రాలేదు. స్కూలు డేకి కమిటీ వాళ్ళూ రైతులూ వచ్చి ఆ అట్టలన్నీ చూస్తారు. తన మనవడి అట్టమీదే మిరపకాయ పరాయిదని రాసుంటే తనకి తలవంపులు. నన్ను పిలిచి, బాణం నువ్వు గీసినట్టే ఉండాలి, దాన్ని తిప్పిస్తే ఆ మేష్టారు వచ్చే ఏడు ఈ ఊళ్ళో ఉండడు, అన్నాడు. గొంతు పెంచకుండానే అన్నాడు. ఆయన గొంతు పెంచకుండా చెప్పిన మాటలే జరిగేవి.

స్కూలు డేకి ముందు మా ముత్తాతగారి తద్దినం వచ్చింది. వసారాలో గోడ పొడుగునా మిరపకాయల బస్తాలు. ఇల్లంతా ఆ ఘాటే. అయినా వంటింట్లో మా నాయనమ్మ మడిచీర కట్టుకుని చేసిన వంటలో ఒక్క మిరపకాయ లేదు. అరటికాయ, కంద, చామదుంప, అల్లం పచ్చడి, మిరియాల చారు, నువ్వులు. ప్రతి ఏడూ అంతే. ప్రతి ఏడూ చప్పగా ఉందని సణుక్కుంటూ తిన్నవాణ్ణే, అప్పటిదాకా నాకు గుర్తే రాలేదు. భోక్తలు తిని వెళ్ళాక మమ్మల్ని కూర్చోబెట్టారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే మేష్టారి ప్రశ్న తగిలింది. ఇవాళ వంటలో మిరపకాయ ఎందుకు వెయ్యవు అని నాయనమ్మని అడిగాను.

"పెద్దలకి అలవాటు లేదురా నాయనా," అంది ఆవిడ చారు వడ్డిస్తూ. "వాళ్ళెప్పుడు తిన్నారని?"

ఆవిడ వాళ్ళ అత్తగారు చెప్పిన మాట మళ్ళీ చెప్పింది, అంతే. పెద్ద విషయం చెప్పానని ఆవిడ అనుకోలేదు. కానీ ఎదురు పంక్తిలో తాతయ్య చెయ్యి విస్తరి మీద ఆగిపోయింది. ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. మా పూర్వీకులు మిరపకాయ ఎరగరు. ఎప్పుడో ఎక్కణ్ణించో వచ్చిన కాయని బతికున్నవాళ్ళు తెచ్చుకున్నారు, పోయినవాళ్ళ భోజనాన్ని మాత్రం పాతపద్ధతిలోనే ఉంచేశారు. అది ఆయనకి అర్థమైందని నాకు తెలిసింది. నాకు అర్థమైందని ఆయనకీ తెలిసింది. ఆయన తల వంచుకుని తినడం మొదలుపెట్టాడు.

మర్నాడు మేష్టారికి చెప్పాను. ఆయన సంతోషం పట్టలేక నా బెంచీ మీదే నా పక్కన కూర్చున్నారు. ఏవేవి వండారు, ఏవి వండరు అని అడిగి అడిగి తెలుసుకున్నారు. బంగాళాదుంప వెయ్యరా? టమాటా? వెయ్యరన్నాను. అవి కూడా మీ మెక్సికో వైపు నించి, దాని కింది కొండల నించి వచ్చినవేరా, అన్నారు. ఏడాదికి ఒక రోజు మీ ఇంట్లో తెల్లవాళ్ళ ఓడలు రాకముందు నాటి వంట జరుగుతోందన్నమాట, అన్నారు. తర్వాత బీరువాలోంచి కొత్త అట్ట తీసి నా చేతికిచ్చారు. వీపు మీద తట్టారు కూడా.

ఆ అట్ట చంకలో పెట్టుకుని ఇంటికి వస్తుంటే తాతయ్య వాకిట్లో ఎదురయ్యాడు. అదేమిటని అడగలేదు. అడగాల్సిన పని లేదు. "ఎల్లుండి కమిటీ వాళ్ళంతా వస్తున్నారు," అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయాడు. కొత్త అట్టని నేను ధాన్యపు గాదె వెనకాల దాచేశాను. స్కూలు డేకి పాత అట్టే పట్టుకెళ్ళాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజు నన్ను ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. ఇంట్లో సుఖంగా ఉండాలనుకున్నాను, అంతకంటే పెద్ద కారణం లేదు.

స్కూలు డే నాడు జనం మా గదికి వచ్చారు. మిరప వ్యాపారి నా అట్ట ముందు నిలబడి, అందరికీ వినపడేటట్టు అడిగాడు. "ఏరా అబ్బాయ్, మిరపకాయ ఎక్కణ్ణించి ఎక్కడికి పోయింది?"

"ఇక్కణ్ణించి అక్కడికండీ," అన్నాను.

అందరూ బాగుందన్నారు. వ్యాపారి మేష్టారి వైపు తిరిగాడు. "ఏమండీ మేష్టారూ, మీరేమంటారు మరి?"

మేష్టారు నన్ను చూశారు. నా మొహంలో ఏం కనిపించిందో నాకు తెలీదు. ఈ అబ్బాయే మొన్న తన ఇంటి తద్దినం వంటలోంచి రుజువు తెచ్చి ఇచ్చాడండీ, అని ఆయన ఒక్క ముక్క అంటే చాలు. ఆయన ఉద్యోగాన్ని ఆ ముక్కే కాపాడేది. కాకపోతే అంతమందిలో నేను అబద్ధాలకోరునయ్యేవాణ్ణి, పక్కనే నిలబడ్డ తాతయ్య తల ఎత్తుకోలేకపోయేవాడు. ఆయన ఆ మాట అనలేదు. అవునండీ, బాణం సరిగ్గానే ఉంది, అని కూడా అనలేదు.

"వాడు ఇంకా వెతుకుతున్నాడండీ," అన్నారు. "పని పూర్తి కాలేదు."

వ్యాపారి పెద్దగా నవ్వాడు. మేష్టారు దిగొచ్చారని ఎవరో అన్నారు. అక్కణ్ణించే ఆ కథ బయల్దేరింది. పెద్దవాణ్ణయ్యాక నేనూ స్నేహితుల దగ్గర చాలాసార్లు అలాగే చెప్పాను. నిజం చెబితే అందులో నా పాత్ర ఏమిటో కూడా చెప్పాల్సొస్తుంది.

వేసవి సెలవులకి ముందు కమిటీ కూర్చుంది. జాగ్రఫీ సరిగ్గా రాని మేష్టారు మనకెందుకని మిగతావాళ్ళు అన్నారట. తాతయ్య ఉంచమనీ అనలేదు, తియ్యమనీ అనలేదట. ప్రెసిడెంటు నోరు విప్పకపోతే ఏం జరుగుతుందో ఆయనకి తెలుసు. తర్వాత బతికినన్నాళ్ళూ తాతయ్య ఆ మేష్టారి ప్రస్తావన వస్తే లేచి వెళ్ళిపోయేవాడు. ఇంట్లో అది కోపం అనుకునేవాళ్ళు. నేను అట్లా అనుకోలేదు.

మేష్టారూ ఆయన భార్యా ట్రంకుపెట్టె, పరుపుచుట్ట పక్కన పెట్టుకుని ఒంగోలు బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉండగా నేను అటు వెళ్ళాల్సొచ్చింది. తప్పించుకుపోదామని చూశాను. ఆయనే పిలిచారు. ఏమీ జరగనట్టు, మెక్సికో పని ఎంతవరకు వచ్చిందిరా, అని అడిగారు.  తొందరేం లేదులే, అన్నారు. బస్సొచ్చింది. మళ్ళీ ఆయన్ని చూడలేదు. ఇప్పుడు ఉన్నారో లేదో కూడా తెలీదు.

ఇన్నేళ్ళలో ఒక సంగతి నాకు నెమ్మదిగా అర్థమైంది. ఆయన ఆ రోజు నిజాన్ని వదులుకోలేదు, నన్నూ వదులుకోలేదు. రెంటినీ ఒక్క మాటలో కాపాడి, దానికయ్యే నష్టం తను భరించారు. ఎవరన్నా నలుగురిలో తప్పు మాట్లాడి తల దించుకుంటే, వెంటనే సరిదిద్దబోయి నేను ఇప్పటికీ ఒక క్షణం ఆగుతాను. అది ఆయన దగ్గర నేర్చుకున్నదే. కానీ ఇంకొకటి ఎప్పుడూ మోస్తూనే ఉన్నాను. వీడు పని పూర్తి చేస్తాడని ఆయన నా తరఫున ఊరందరి ముందూ పూచీపడ్డారు. నేను యాభై దాటేదాకా ఆ పూచీ ఆయన మీదే ఉండిపోయింది.

అందుకని ఇప్పుడు రాస్తున్నాను. మిరపకాయ పుట్టింది మెక్సికో వైపు. తెల్లవాళ్ళ ఓడల్లో మన దేశపు పడమటి తీరానికి చేరి, చేతులు మారుతూ మన నల్లరేగడికి వచ్చింది. దానికి ముందు మన కారమంతా మిరియాలదే. ఈ సంగతి మా క్లాసులో మా మేష్టారికి తెలుసు, మా ఇంట్లో మా తాతయ్యకి తెలుసు, నాకు తెలుసు. ఆ గదిలో ఆ రోజు మా ముగ్గురిలో అబద్ధం ఆడనిది మేష్టారొక్కరే.