దింపెయ్ అన్న మాట

నల్లకోటు బయటికి తీయగానే గుప్పుమన్న కలరా ఉండల వాసనకి సువార్తమ్మగారు గుర్తొచ్చారు. బందరు కోర్టులో ప్రభుత్వ న్యాయవాది, నా సీనియరు. ఆవిడ కోటుకీ ఇదే వాసన. "దీనికి పురుగులే కాదే, ముద్దాయిలూ పారిపోతారు" అని తనే నవ్వేవారు. చెడామడా తిట్టేవారు, వెంటనే తిన్నావా అని అడిగేవారు. ఆవిడంటే నాకు ప్రాణం.

నేను చేరిన కొత్తలో ఒక అప్పీలు వచ్చింది. అవనిగడ్డ బట్టలకొట్లో పనిచేసే అమ్మాయిని ఇంటి దగ్గర దింపుతానని ఆటో ఎక్కించుకున్నవాడు, ఊరు దాటించి కరకట్ట మీదకి తీసుకెళ్ళి లైంగిక దాడి చేశాడు. కింది కోర్టు శిక్ష వేస్తే, కొట్టేయమని పైకి వచ్చాడు. వాడి లాయరు పట్టుకున్నది ఒకే ఒక్క మాట. "దింపెయ్ బావా అని ఏడ్చాను" అని ఆ పిల్ల సాక్ష్యం చెప్పింది. బావా అందంటే ఇష్టపడే వెళ్ళిందట! నాకు ఒళ్ళు మండిపోయింది. మా దివిసీమలో పరాయివాణ్ణయినా బావా అనే పిలుస్తాం, బావ కానివాడెవడు?

ఆ అమ్మాయి మాత్రం కోర్టు వరండాలో తలొంచుకుని, "ఆ మాట అనకుండా ఉండాల్సిందండీ. ఊళ్ళో అందరూ అదే అంటున్నారు" అంది. శిక్ష కొట్టేస్తే వాడు మళ్ళీ ఆ ఊళ్ళోనే ఆటో తిప్పుతాడు. సువార్తమ్మగారు ఫైలు అందుకుని లోపలికి నడిచారు.

లోపల ఆవిడ వంతు రాగానే అవతలి లాయరు వైపు తిరిగి, "ఏం బావగారూ, కులాసానా?" అన్నారు. ఆయన అలవాటు కొద్దీ "ఆఁ, కులాసానే అండీ" అనేశారు. హాలంతా గొల్లుమంది.

"క్యాంటీన్లో రోజూ ఈయన్ని ఇలాగే పిలుస్తానండి. అంతమాత్రాన నేను ఈయన బండెక్కితే, దింపమన్నా దింపకుండా తీసుకెళ్ళొచ్చాండీ?" ఆవిడ గొంతు మారిపోయింది. "బావా అన్నది అందరికీ వినపడింది. దాని పక్కనే దింపెయ్ అని ఉంది. అది ఒక్కరికీ వినపడలేదా?"

నవ్వులు ఆగిపోయాయి. శిక్ష ఖాయమైంది.

తీర్పు రోజు ఆ అమ్మాయి, "ఇంకెవర్నీ అలా పిలవనండీ" అంది. సువార్తమ్మగారు కసిరారు. "ఎందుకు పిలవవే? నోరారా పిలు. తప్పు నీ పిలుపుదా, వాడిదా?" కసురుతూనే ఆ పిల్లని దగ్గరికి తీసుకుని తనూ ఏడ్చేశారు.

ఆవిడ ఇప్పుడు లేరు. ఆ కోర్టులోనే నేను వాదిస్తున్నాను. ఏ ఆడపిల్లయినా నా ఎదురుగా కూర్చుని, "నేనే బావా అని పిలిచానండీ" అని మొదలుపెడితే, "అది కాదమ్మా, వాణ్ణి ఏం అడిగావో చెప్పు" అంటాను. అప్పుడు తలెత్తి నా కళ్ళలోకి చూస్తుంది.