ఇరవై కిలోల యాపిల్స్, ఒక గుండిగ వేడినీళ్లు

మా అత్తగారిని నేను ఒకసారి చంపేశాను. కంగారు పడకండి. ఆవిడ ఇప్పుడు పక్క గదిలో కూర్చుని జంతికలు కొరుకుతున్నారు, ఆ చప్పుడు నాకు ఇక్కడిదాకా వినిపిస్తోంది. కానీ ఆరేళ్ల క్రితం దసరా సెలవుల్లో ఒక రోజు, ఉదయం ఎనిమిదికీ మధ్యాహ్నం రెండుకీ మధ్య, జగ్గయ్యపేట నుంచి పెనుగంచిప్రోలు దాకా అందరి లెక్కలోనూ ఆవిడ పోయినట్టే. అందుకు నేను వాడిన ఆయుధాలు ఇరవై కిలోల యాపిల్స్, ఒక గుండిగ వేడినీళ్లు.

ముందు మా అత్తగారి పళ్ల గురించి చెప్పాలి. రాహేలమ్మగారు పెనుగంచిప్రోలులో టీచరుగా చేసి రిటైరయ్యారు. అక్కడి చర్చిలో స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు. ఆదివారం పాట ఎత్తుకునేది ఆవిడే. ఆ పాటకన్నా ఆవిడకి గర్వం పళ్ల మీద ఎక్కువ. అరవై ఆరేళ్లొచ్చినా చెరుకు గడని పంటితో చీలుస్తానని మీటింగులో మైకు పట్టుకుని చెప్పిన మనిషి. అలాంటి ఆవిడకి ఆ ఏడాది చిగుళ్లు చెడిపోయి, నందిగామలో ఒక డాక్టరు విడతలు విడతలుగా పళ్లన్నీ తీసేశాడు. కట్టుడు పళ్లు పెట్టాలంటే చిగుళ్లు మానాలి, ఇంకో నెల ఆగమన్నాడు. ఆ నెల దాక్కోవడానికి అత్తయ్యగారు ముఖానికి మాస్కు తగిలించుకుని జగ్గయ్యపేటలో మా ఇంటికి వచ్చేశారు.

"అల్లుడుగారూ, నాకు పళ్లు లేవన్న సంగతి మీకూ సునీతకీ తప్ప ఇంకో మనిషికి తెలిసిందా, నేను మళ్లీ ఆ ఊరు మొహం చూడను. ఇక్కడే ఉండిపోతా" అన్నారు వచ్చీ రాగానే.

సునీత నా భార్య, వాళ్లమ్మకి ఒక్కతే కూతురు. ఆ "ఉండిపోతా" అన్న మాట విన్నాక ఆ రహస్యాన్ని నేను ఎంత ప్రాణంగా చూసుకున్నానో పెళ్లయిన మగవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు.

పది రోజులు గడిచాయి. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం మెత్తగా పిసికిన మజ్జిగన్నం, రాత్రికి మళ్లీ జావ. పదకొండో రోజున అత్తయ్యగారు జావ గిన్నెని పక్కకి నెట్టి, "ఇంకొక్క గుటక తాగానంటే నేను పసిపిల్లనైపోతా" అని గోడవైపు తిరిగారు. నాకు నిజంగా జాలేసింది. జాలితో ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు. నేను ఫోను తీశాను.

అందులో ఎక్కడో మంచు కురిసే దేశంలో ఒక పెద్దావిడ యాపిల్స్‌ని ఉడకబెట్టి, మెత్తగా మెదిపి, సీసాల్లో పోసి, మూతలు బిగించి, ఆ సీసాల్ని మళ్లీ పెద్ద పాత్రలో నీళ్లలో మరిగించింది. అలా చేస్తే ఏడాదైనా చెడదట. వీడియో పదిహేడు నిమిషాలు. నేను నందిగామ హైస్కూల్లో లెక్కల మాస్టారిని, మెట్లు దాటేసి జవాబు రాసే పిల్లలకి మార్కులు కోసేవాణ్ణి. ఆ రోజు నేనే మధ్యలో ఎనిమిది నిమిషాలు దాటేశాను.

సునీత ఆఫీసుకి వెళ్లగానే బజారుకి బయల్దేరాను. మూల మీద పళ్ల బండి బాజీది.

"పెట్టె ఎంత బాజీ?"

"పెట్టె మొత్తమా సార్?" బాజీ చేతిలో ఉన్న యాపిల్‌ని తుడవడం ఆపేశాడు. "ఎవరికి సార్ బాలేదు?"

మా వైపు సంగతి మీకు తెలిసే ఉంటుంది. అరటిపళ్లు శుభానికి, యాపిల్స్ ఆస్పత్రికి. కిలో యాపిల్స్ కొంటే ఎవరో మంచం మీద ఉన్నట్టు. అదే పెట్టె కొంటే ఏమవుతుందో నాలాంటి చదువుకున్నవాడు ఆలోచించుకోవాలి కదా. ఆలోచించలేదు.

"మా అత్తయ్యగారికి" అన్నాను.

"అయ్యో. ఏమైంది సార్?"

పళ్లు అనకూడదు. నోరు అనకూడదు. నేను చాలా తెలివిగా, "పది రోజుల్నించి ఏదీ తినలేకపోతున్నారు బాజీ. ద్రవపదార్థాలే. ఎవరికీ చెప్పకు" అన్నాను.

"నేనెందుకు చెప్తా సార్" అని బాజీ నాలుగు బత్తాయిలు ఉత్తినే సంచిలో వేశాడు. డబ్బులిస్తుంటే నా చేయి కూడా ఒకసారి నొక్కాడు. మంచి బేరగాడు అనుకున్నాను. బండికి అటువైపు పెనుగంచిప్రోలు ఆటో ఆగి ఉందనీ, అందులో కూర్చుని టీ తాగుతున్న కుర్రాడు అత్తయ్యగారి పక్కింటి సుగుణమ్మగారి కొడుకనీ నాకు తర్వాత తెలిసింది.

సుగుణమ్మగారంటే స్త్రీల సమాజానికి సెక్రటరీ. పాతికేళ్లుగా అత్తయ్యగారి పాటకి రెండో గొంతు. మొదటి గొంతు కావాలని పాతికేళ్లుగా కోరిక.

ఇంటికొచ్చి తొక్క తీయడం మొదలుపెట్టాను. ఇరవై కిలోల యాపిల్స్ తొక్క తీయడం ఎలా ఉంటుందంటే, తీసినవి తీసినట్టే నల్లబడుతుంటాయి, తీయాల్సినవి మాత్రం తగ్గవు. తలుపు వేసుకుని అత్తయ్యగారు కూడా ఒక కత్తిపీట పట్టారు. కుక్కర్లో ఐదు విడతలు ఉడికించి పప్పుగుత్తితో మెదిపాను. దాల్చినచెక్క వేస్తే బాగుంటుందని వీడియోలో పెద్దావిడ చెప్పింది. నేను గుప్పెడు వేశాను. ఇల్లంతా బిరియానీ వాసన కొట్టింది.

అత్తయ్యగారు ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. "బానే ఉంది. కాస్త ఉప్పూ కారం పడితే ఇంకా బాగుండేది" అన్నారు. అయినా పది రోజుల తర్వాత ఆవిడ మొహంలో నవ్వు చూశాను, పళ్లు లేకపోయినా నిండుగా ఉంది. నాకు ఇంతెత్తున గర్వం వచ్చింది.

ఇరవై ఎనిమిది గాజు సీసాలు నిండాయి. ఆవకాయ జాడీ నింపినట్టు అంచులదాకా కూరి, బలమంతా పెట్టి మూతలు బిగించాను. పైన కొంచెం ఖాళీ వదలాలని ఆ పెద్దావిడ చెప్పిందట, నేను దాటేసిన ఎనిమిది నిమిషాల్లో.

ఇక సీసాలన్నీ పట్టే పాత్ర కావాలి. వీధి చివర షామియానా సప్లయర్స్ వెంకటేశ్వర్లు దగ్గరికి వెళ్లాను.

"ఒక పెద్ద గుండిగ కావాలి. నీళ్లు కాయాలి."

వెంకటేశ్వర్లు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "పొద్దున బాజీ చెప్పాడు సార్. ఇంత తొందరగా అనుకోలా."

"ఆలస్యం చేస్తే పాడైపోతుంది కదా" అన్నాను, వంటింట్లో చల్లారుతున్న సీసాల మీదే నా ధ్యాసంతా.

ఆయన తల కిందికి దించుకున్నాడు. "నిజమే సార్, ఎండలు కూడా అట్టానే ఉన్నయ్. మీరు ఇంటికి పొండి. మిగతాదంతా నేను చూసుకుంటా."

ఎంత మర్యాదస్తుడు అనుకున్నాను. బాజీ ఏం చెప్పాడని కూడా అడగలేదు. మళ్లీ చెబుతున్నాను, నేను బీఎడ్ చదివినవాణ్ణి.

పావుగంటలో ట్రాలీ ఆటో వచ్చింది. గుండిగ దిగింది. కట్టెలు దిగాయి. యాభై కుర్చీలు దిగాయి. ఇద్దరు మనుషులు గేటు ముందు గుంజలు పాతి షామియానా కట్టేశారు. "ఇవన్నీ ఎందుకయ్యా" అని అడిగాను. "వచ్చేవాళ్లు ఎండలో నిలబడతారా సార్" అన్నాడు ఒకడు. ఎవరొస్తారో అడుగుదామనుకునేలోగా పొయ్యి అంటుకుంది. నేను పంచె ఎగగట్టి సీసాలు మోయడంలో పడిపోయాను. వీధిలోకి కనపడేలా, షామియానా పక్కన, కట్టెల పొయ్యి మీద గుండిగెడు నీళ్లు పొగలు కక్కుతున్నాయి. చొక్కా లేకుండా, పొగకి కళ్లల్లో నీళ్లు కారుతూ పక్కన నేను.

సరిగ్గా అప్పుడు మూడు ఆటోలు ఆగాయి.

మొదటి దాంట్లోంచి సుగుణమ్మగారు దిగారు. చేతిలో యాపిల్స్ సంచి. వెనక స్త్రీల సమాజం, తలా ఒక యాపిల్స్ సంచి. జబ్బు మనిషిని చూడ్డానికి వచ్చిన ఆవిడ షామియానా చూశారు, గుండిగ చూశారు, నన్ను చూశారు. సంచి జారిపోయి యాపిల్స్ వీధంతా దొర్లాయి.

"అక్కా, నాకు చెప్పకుండానే పోయావా" అని ఒక్క కేక పెట్టారు.

ఆ కేక లోపల మంచం మీదున్న అత్తయ్యగారికి వినపడింది. కిటికీలోంచి నన్ను పిలిచారు. "సుగుణ కదా అది? నన్ను చూడనీయొద్దు. నోరు చూసిందంటే నా బతుకు అయిపోయినట్టే."

"మీరు దుప్పటి కప్పుకుని పడుకోండి అత్తయ్యగారూ. నిద్రపోతున్నారని చెబుతా" అన్నాను.

అంతకన్నా తెలివైన సలహా ఆ రోజు మొత్తంలో నేను ఇవ్వలేదు. ఆవిడ తల నుంచి కాలిదాకా తెల్లదుప్పటి కప్పుకున్నారు.

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "ఏం లేదండీ, నిద్రపోతున్నారు."

"అవునయ్యా, నిద్రే. ప్రభువునందు నిద్ర" అని సుగుణమ్మగారు నా చేతి కిందనుంచి దూరి లోపలికి వెళ్లిపోయారు. వెనకే సమాజమంతా. మంచం చుట్టూ నేల మీద కూలబడ్డారు. దుప్పటి కింద అత్తయ్యగారు ఊపిరి బిగబట్టారు. అసలు పోయినవాళ్లు కూడా అంత కదలకుండా ఉండరు.

"ఎంత గుణమక్కా నీది" అని సుగుణమ్మగారు అందుకున్నారు. "నా కాన్పుకి మూడు రాత్రులు నిద్ర లేకుండా కూర్చున్నావు. మా వాడికి ఉత్తినే చదువు చెప్పావు. ఆ నోరు, ఆ పళ్లు, ముత్యాల్లాంటి పళ్లక్కా, ఒక్కటి కదల్లేదే."

దుప్పటి కొంచెం వణికింది. నాకు తప్ప ఎవరికీ కనపడలేదు.

"నీలా పాడేదెవరక్కా" అని ఇంకో ఆవిడ అంది.

సుగుణమ్మగారు ముక్కు చీదుకున్నారు. "పాట సంగతి ఇప్పుడు చెప్పుకోవచ్చులే. శృతి కాస్త పైకి పోయేది. పోనీలే, మనిషి మంచిది. ఈ ఆదివారం నుంచి ఇక నేనే ఎత్తుకుంటా."

దుప్పటి ఎగిరి నా మొహాన పడింది.

"నువ్వా ఎత్తుకునేది? రెండో చరణం ఒక్కసారన్నా గుర్తుందా నీకు?" మంచం మీద లేచి కూర్చున్న అత్తయ్యగారి నోట్లోంచి మాట సగం, గాలి సగం వచ్చింది.

సగం మంది బయటికి పరిగెత్తారు. వాళ్లు షామియానా చేరగానే, అంచులదాకా కూరిన నా సీసాలు గుండిగలో ఢామ్ ఢామ్మని పేలడం మొదలుపెట్టాయి. బయటికి పోయినవాళ్లు నెత్తిన యాపిల్ గుజ్జుతో మళ్లీ లోపలికి పరిగెత్తుకొచ్చారు.

అందరూ అత్తయ్యగారి నోటివైపే చూస్తున్నారు. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించేసుకున్నారు. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంతసేపూ నాకు నవ్వులాటగానే ఉంది. ఆవిడ నన్ను అడిగింది ఒకే ఒక్కటి. దాన్ని నేను షామియానా వేయించి మరీ బయటపెట్టాను.

సుగుణమ్మగారు నేల మీదనుంచి లేచారు. మంచం మీద అత్తయ్యగారి పక్కన కూర్చున్నారు. అటు గోడవైపు తిరిగి నోట్లో వేళ్లు పెట్టి, గుప్పిట్లోకి ఏదో తీసి, చేయి తెరిచి చూపించారు. రెండు వరసల కట్టుడు పళ్లు.

"నాకు ఐదేళ్లయిందక్కా. నువ్వు చెరుకు సంగతి చెప్పినప్పుడల్లా నేను మీటింగులోంచి లేచిపోయేదాన్ని" అన్నారు మెల్లగా.

అత్తయ్యగారు కొంగు దించారు. ఆ పళ్లని అటూ ఇటూ తిప్పి, పిల్లల నోటుబుక్కు దిద్దినట్టు చూశారు. "ఎక్కడ కట్టించావు?"

"నందిగామలోనే."

"మెట్లెక్కాక ఎడమ పక్కనా?"

"ఆయనే. చెయ్యి మంచిది."

కబురు విని సునీత ఆఫీసు నుంచి ఆటోలో ఏడ్చుకుంటూ వచ్చేసరికి, వాళ్లమ్మా సుగుణమ్మగారూ మంచం మీద కూర్చుని, పేలకుండా మిగిలిన ఒక సీసాలో రెండు చెంచాలు ముంచుకుని తింటున్నారు. ఇద్దరి నోళ్లూ ఖాళీ. సునీత వాళ్లమ్మని కావలించుకుని కాసేపు వదల్లేదు. తర్వాత షామియానా వైపు, నా వైపు చూసింది.

"ఏవండీ, మా అమ్మని చంపడానికి మీకు ఒక్క పూట సెలవు చాలిందా" అంది.

పదకొండు సీసాలు పేలాయి. మిగిలినవి తలా ఒకటి సమాజం వాళ్లు పట్టుకెళ్లారు. పరామర్శకి వచ్చిన యాపిల్స్ మాత్రం వంటింట్లో నేను కొన్నవాటికి రెట్టింపు పేరుకున్నాయి. "ఇవి కూడా ఉడకబెట్టండి అల్లుడుగారూ, సుగుణకి కూడా కావాలంట. మంట మాత్రం వీధిలో పెట్టకండి" అన్నారు అత్తయ్యగారు.

ఆ ఆదివారం ఆవిడ బోసినోటితోనే వెళ్లి పాట ఎత్తుకున్నారు. రెండో చరణం సుగుణమ్మగారికి వదిలారు. అందరూ సంతోషించారు. అందరికన్నా నేను ఎక్కువ సంతోషించాను, ఆవిడ సంచి సర్దుకుని తిరిగి మా ఇంటి గేటు తీసేదాకా.

"ఇంకో మనిషికి తెలిస్తే ఇక్కడే ఉండిపోతానని చెప్పా కదా. ఇచ్చిన మాట ఎట్టా తప్పుతా?" అన్నారు.

ఆరేళ్లుగా ఆవిడ మాట తప్పలేదు. ఆదివారం సుగుణమ్మగారి కొడుకు ఆటోలో వెళ్లి పాడి వస్తారు, మిగతా ఆరు రోజులూ ఇక్కడ, కట్టుడు పళ్లతో జంతికలు కొరుకుతూ. ఆవిడ లేకపోతే నాకూ తోచదన్న సంగతి మాత్రం తెలియనివ్వకండి.

కాబట్టి పూర్తి తెలివితో ప్రమాణం చేస్తున్నాను. మా ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉండగా అరకిలోకి మించి యాపిల్స్ కొనను. వీధిలో నీళ్లు కాయను. ఏ వీడియోనూ మధ్యలో దాటేయను. ఇక అత్తయ్యగారు నాకు ఇంకో రహస్యం చెప్పారంటే, ఆ నిమిషమే బజారుకి వెళ్లి బాజీ బండి దగ్గర నిలబడి పళ్లు, నోరు అన్నీ పేరుపేరునా నేనే చెప్పేస్తాను. దాచడం వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో, ఆ జంతికల చప్పుడు రోజూ నాకు గుర్తు చేస్తూనే ఉంది.