నిమ్మచెక్క

భీమవరంలో నాతో రోజూ షేర్ ఆటో ఎక్కే ఆవిడ రొయ్యల ఫ్యాక్టరీలో రొయ్యలు వలిచేది. పని అయ్యాక ఆటో ఎక్కే ముందు నిమ్మచెక్కతో మోచేతుల దాకా రుద్దుకునేది. పగిలిన వేళ్ళకు పులుపు తగిలి మొహం చిట్లించేది, అయినా మానేది కాదు. అంత చేసినా ఆటోలో అందరికీ ఆవిడ "కంపు బ్యాచే". ఎదురొచ్చిన ప్రతివాడికీ గారు తగిలించే ఊళ్ళు మావి. రొయ్యలు వలిచే మనిషి దగ్గరికొచ్చేసరికి ఆ గారు ఎక్కడ చచ్చిందో!

ఒకరోజు కారు పాడైందని, రొయ్యల చెరువులున్న ఆసామి ఒకాయన మా ఆటో ఎక్కాడు. "రండి రైతుగారూ" అంటూ డ్రైవరు సీటు తుడిచిపెట్టాడు. ఆయన ఆవిణ్ణి చూసి ముక్కు మూసుకున్నాడు.

"ఈ కంపు బ్యాచ్‌ని ఎందుకెక్కించుకుంటావురా? దింపెయ్."

ఆవిడ దిగలేదు. "పొద్దున్న వచ్చిన లోడు మీదేనండి. ఇందాకటిదాకా మీ రొయ్యలే వలిచాం" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అదే రొయ్యను పెంచినాయన రైతుగారు, వలిచినావిడ కంపా?

ఆవిడ చేతిలోని నిమ్మచెక్కను రోడ్డు మీదికి విసిరికొట్టింది. మర్నాడు చేతులు రుద్దుకోకుండానే వచ్చి, ముందురోజు ఆయన కూర్చున్న సీట్లోనే కూర్చుంది.