నజరేనో పడ్డ పాట్లు

"నేనింకా నీ దగ్గరికి రానేలేదు గదరా! అప్పుడే ఎందుకు పడ్డావ్?"

ఎదుటి జట్టు డిఫెండరు ఫుట్‌బాల్ మైదానంలో నిలబడి అడిగిన ప్రశ్న ఇది. మోకాలు పట్టుకుని గడ్డిలో దొర్లుతున్న నజరేనో టొఫోని ఒక కన్ను సగం తెరిచి, "ఎలాగూ వస్తావుగా!" అన్నాడు.

నజరేనోకున్న జబ్బు అదొక్కటే, పడడం. కుడి అంచున బంతి తీసుకుని పరుగందుకుంటే వాణ్ణి పట్టుకోగల మొనగాడు ఇటలీలో మార్కె కొండల్లోని బూట్లు కుట్టే ఊళ్ళన్నీ వెతికినా లేడు. కానీ గాలి తగిలితే పడేవాడు. గోలు కొట్టి, ఆ సంతోషంలో పడేవాడు. ఒకసారి ఆట మొదలెట్టమని రెఫరీ ఈల ఊదకముందే పడ్డాడు.

పడ్డప్పుడల్లా జట్టుకు మాలీషు చేసే ఎల్పీడియో, అరవై రెండేళ్ళ మనిషి, బకెట్టూ స్పాంజీ పట్టుకుని రొప్పుతూ పరిగెత్తేవాడు.

"ఎక్కడరా?"

"ఎడమ మోకాలు బాబాయ్."

"మరి కుడిది పట్టుకున్నావేం?"

"నొప్పి ఇటు మారింది బాబాయ్."

ఎల్పీడియో నమ్మేవాడు. పాపం వీడివి మైనం ఎముకలని జాలిపడి, శనివారం శనివారం భార్య పల్మీనా చేత ఎముకల సూపు కాయించి పట్టుకెళ్ళేవాడు. నజరేనో రెండు గిన్నెలు తాగి, మర్నాడు ఇంకో రెండుసార్లు ఎక్కువ పడేవాడు.

క్లబ్బు అధ్యక్షుడు కొన్యీనిది బూట్ల ఫ్యాక్టరీ. జతకింత అని కూలీ ఇవ్వడమే తప్ప ఇంకో పద్ధతి ఆయనకు తెలియదు. ఎల్పీడియో నెలజీతం తీసేసి, మైదానంలోకి పరిగెత్తిన ప్రతిసారికీ రెండు వేల లీరాలన్నాడు. "ఎవడూ పడకపోతే నీకు పనేముందోయ్?" ఎల్పీడియోకి కూడా అది న్యాయంగానే కనిపించింది.

డెబ్భై నాలుగు ఫిబ్రవరిలో ఉత్తరాది పెద్ద క్లబ్బు మనిషి నజరేనోని చూడడానికి వచ్చాడు. నచ్చితే మొదటి డివిజను. ఇరవై ఆరేళ్ళవాడికి అలాంటి పిలుపు మళ్ళీ రాదు. నజరేనో రెండు గోల్స్ కొట్టాడు. ఎనభై నిమిషాలు ఒక్కసారి కూడా పడలేదు. ఎల్పీడియో బెంచీమీద చేతులు ఊదుకుంటూ కూర్చున్నాడు. ఆఖరి పది నిమిషాల్లో నజరేనో మూడుసార్లు పడ్డాడు.

ఆట అయ్యాక ఆ పెద్దమనిషి ఎల్పీడియోని పక్కకు పిలిచాడు. "నిజం చెప్పండి, వీడి కాళ్ళు గట్టివేనా?"

ఎల్పీడియో జన్మలో అబద్ధమాడలేదు. సత్యవంతులతో వచ్చే చిక్కల్లా, తమకు తెలిసిందే సత్యమనుకుంటారు. "బంగారం లాంటి కుర్రాడండీ. ఎముకలే మైనం" అన్నాడు. ఆ మనిషి పెన్ను జేబులో పెట్టుకుని అయిదింటి రైలెక్కాడు.

భోజనాల దగ్గర ఈ సంగతి గొప్పగా చెప్పుకుంటే, పల్మీనా చెంచా కింద పెట్టింది.

"నీ నోరు పడిపోను! నువ్వు న్యుమోనియాతో మంచం పట్టిన నాలుగు ఆదివారాలూ నేను ఆట చూశాను. దున్నపోతుల్లాంటి వాళ్ళు గుద్దినా వాడు పడలేదు."

"అంటే?"

"అంటే నీ తలకాయ! ఆ నెల బకెట్టు మోసింది చర్చి గంటలు కొట్టేవాడు. వాడికోసం ఎందుకు పడతాడూ?"

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే పరిగెత్తడం మానేస్తావు. ఇంటద్దె నీ నిజాయితీ కడుతుందా?"

తెల్లారగానే ఎల్పీడియో ఫ్యాక్టరీకి వెళ్ళాడు. వారంలో మిగతా రోజులు అక్కడే పనిచేసే నజరేనో తోలు కోస్తున్నాడు.

"నేను రైలెక్కి వెళ్ళి నిజం చెప్పేస్తానురా."

"ఏమని? వీడు రోగిష్టి కాదు, దొంగ అనా?"

ఎల్పీడియో పక్కనున్న ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు.

"నిన్న పడకూడదనే అనుకున్నా బాబాయ్" అన్నాడు నజరేనో, కత్తి మీంచి కళ్ళెత్తకుండా. "నువ్వలా ఖాళీగా చేతులు ఊదుకుంటుంటే చూడలేకపోయా."

నజరేనోని మహాత్ముణ్ణి చెయ్యనక్కర్లేదు. పేకాటలో పచ్చి మోసగాడు. మొదటి డివిజను ఆటలు టీవీలో వస్తుంటే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. ఆ తర్వాత కూడా ఆరేళ్ళపాటు అదే అంచున పడుతూనే ఉన్నాడు. ఎల్పీడియో తెలిసి తెలిసీ పరిగెత్తాడు. కాకపోతే స్పాంజీని మంచునీళ్ళలో ముంచి, "లేరా దొంగా!" అంటూ మెడమీద పిండేవాడు. అప్పుడు మాత్రం నజరేనో నిజంగానే కేకపెట్టేవాడు.

నజరేనోని పెద్ద క్లబ్బుకు అమ్ముకునే మంచి బేరం చెడిందన్న ఉక్రోషంతో కొన్యీని, ఆ ఫిబ్రవరి ఆదివారపు మూడు పరుగులకూ కూలీ ఆపేశాడు. ఆ ఆరు వేల లీరాలు ఎల్పీడియోకి ఇంతవరకూ రాలేదు.