ఆఖరి పేరు తర్వాత

ఆ ఇంటి పెద్ద పద్దెనిమిదేళ్లు సైన్యంలో, ఇరవై రెండేళ్లు నూలు మిల్లు బాయిలర్ దగ్గర పనిచేసిన మనిషి. రెండు పతకాలు తెచ్చాడు. మిల్లులో ఒక్కరోజూ నాగా పెట్టలేదు. ప్రార్థన మందిరానికి తన చేతులతో పైకప్పు వేశాడు, నలుగురు పిల్లల్నీ చదివించాడు. ఇవి గొప్పలు కావు, ఊరందరికీ తెలిసినవే.

సైన్యం వదిలినా ఒక అలవాటు ఆయన్ని వదల్లేదు. రోజూ సాయంత్రం ప్రార్థనకు ముందు ఇంటిల్లిపాదికీ హాజరు పిలిచేవాడు. అందరూ "ఉన్నాను" అన్నాక కూడా, ఇంకెవరో పలకాల్సి ఉన్నట్టు తలుపు వైపు చూస్తూ కాసేపు ఆగేవాడు.

ఆయన పోయిన మూడో రోజు హాజరు పిలిచే పని పెద్దకూతురి మీద పడింది. ఆఖరి పేరు అయ్యాక ఆమె కూడా ఆగింది.

"ఆగుతావేంటక్కా? నాన్న చాదస్తం నీకూ అంటుకుందా?" అన్నాడు తమ్ముడు.

"చాదస్తం కాదురా," అంది అమ్మ. "సైన్యంలో ఉన్నప్పుడు ఒక రాత్రి కాపలా మీ నాన్నది. జ్వరమొస్తే ఆయన బదులు స్నేహితుడు వెళ్లాడు, తిరిగి రాలేదు. మర్నాడు పొద్దున హాజరు పిలిచింది మీ నాన్నే. ఆ పేరు మూడుసార్లు పిలిచాడట."

తమ్ముడు తల దించుకున్నాడు. "అయితే ఆగక్కా."

ఆమె తలుపు వైపు చూసింది. ఇన్నేళ్లూ నాన్న ఆగింది ఒక్కరి కోసం. ఇప్పుడు పలకాల్సినవాళ్లు ఇద్దరు. ప్రార్థన మొదటి మాట నోటిదాకా వచ్చింది గానీ, ఆ ఇద్దరి "ఉన్నాను" కోసం ఆమె ఇంకాసేపు ఆగింది.